కొంగలు తెచ్చిన రొంప

కొల్లేటిలో చేపల చెరువుల గట్లు తెంచడానికి ముందటి సంవత్సరం, ఆశ్వయుజం వెళ్ళి కార్తీకం అడుగుపెట్టే వేళ గూడకొంగలు వచ్చాయి. ఏ ఉత్తరదిక్కు నుంచో, ఏ మంచుకొండల నీడల మీదుగానో ఆకాశాన్ని మెల్లగా దువ్వుకుంటూ వచ్చి, తెల్లవారేసరికి సరస్సు మీద తెల్లని మౌనంలా వాలి ఉన్నాయి. నీరేదో ఆకాశమేదో తెలియని అటువంటి వేళల్లో పొన్నలంక మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఆ పక్షులు వచ్చిన కొద్ది రోజులకే లంకలో ఇంటింటా తుమ్ములు మొదలవుతాయి. దానికి వారు మందు వెతకరు. ‘కొంగలు తెచ్చిన రొంప’ అంటారు. చుట్టం వచ్చింది, ఉండి పోతుంది అన్నట్లు మిరియాల చారు కాచి, వామును గుడ్డలో మూటకట్టి పిల్లల ముక్కు దగ్గర పెట్టి ఊరుకుంటారు. రొంపను జబ్బుల్లో కలపడం ఆ నీటి మీద ఎవరికీ అలవాటు లేదు.

లంకకు కూతవేటు దూరంలో ఒక చేపల చెరువుకు రాజేష్ కాపలా ఉండేవాడు. అతని పాక సగం గట్టు మీద, సగం నీటి మీద. నీటి వైపున వెదురు తడికల మీద పడకలు. అతని భార్య దేవి, తల్లి ముత్యాలమ్మ, ఆరేళ్ళ కూతురు అమ్ములు ఆ పాకలోనే ఉండేవారు. అమ్ములు అసలు పేరు పెద్దింట్లమ్మ. కొల్లేటికోటలో కొలువైన అమ్మవారి పేరది. ఆ పేరు పెట్టి పిలుస్తూ బిడ్డను కసురుకోవడం అపచారమని ఇంట్లో అమ్ములు అనేవారు.

నీటి మీద నిద్రించే వారికి ఒక ఆచారం ఉంది. పడుకునే ముందు ఇంటి పెద్దావిడ తన మణికట్టుకూ బిడ్డ మణికట్టుకూ మధ్య మూరెడు వలతాడు కడుతుంది. బిడ్డ నీటి వైపు దొర్లితే తాడు లాగుతుంది, పెద్దావిడకు మెలకువ వస్తుంది. ఆ ముడి వలలు అల్లేవారి ముడి. జారదు, బిగియదు. ముత్యాలమ్మను ఆమె తల్లి అలాగే కట్టుకుంది. రాజేష్‌ను ముత్యాలమ్మ కట్టుకుంది. కట్టిన బిడ్డను కొల్లేరు అడగదని వారి నమ్మకం. దేవికి మాత్రం ఆ తాడంటే మొదటి నుంచీ గుబులే. ఆమెది చింతలపూడి దగ్గర మెట్ట పల్లె. వాళ్ళ ఊళ్ళో తాడు కట్టేది దూడలకు.

ఆ యేడు రొంప అమ్ములును కూడా పలకరించింది. ముక్కు కారింది. ఒక పూట ఒళ్ళు వెచ్చబడింది. తరువాత తగ్గి, బిడ్డ మళ్ళీ గట్టు మీద తూనీగల వెంట పరుగులు తీసింది. అంతటితో దానిని అందరూ మరచిపోయారు.

ఆ తరువాత ఒక వేకువన, పాక చుట్టూ మంచు పాలపొంగులా లేచి నిలిచిన సమయంలో, అమ్ములు కళ్ళు తెరవకుండానే మాట్లాడింది.

“మామ్మా, నా చెయ్యి కొంగలతో వెళ్ళిపోయింది.”

ముత్యాలమ్మ నవ్వింది. “ఎక్కడికే?”

“పైకి. నేను పిలుస్తున్నా రావట్లేదు.”

“ఆకలేస్తే అదే వస్తుందిలే. లే, మొహం కడుగుతాను” అంటూ ముత్యాలమ్మ తాడు విప్పి, బిడ్డ కుడిచేతిని పట్టి లేపబోయింది. చేయి వచ్చింది గాని, అందులో బిడ్డ లేదు. నీళ్ళలో నానిన వల బరువుతో అది లేచింది. వదిలితే అదే బరువుతో పడింది. ముత్యాలమ్మ మళ్ళీ లేపింది. మళ్ళీ పడింది. నిద్ర మత్తులో ఉన్న అమ్ములుకు అదేదో ఆటలా తోచి కిలకిల నవ్వింది.

నీళ్ళ బిందెతో లోపలికి వచ్చిన దేవి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె చూపు ముందు చేతి మీద పడింది, తరువాత మణికట్టు మీద లేతగా కనిపిస్తున్న ఎర్రని గీత మీద, ఆ తరువాత అత్త ఒళ్ళో ఉన్న తాడు మీద.

“ఎంత గట్టిగా కట్టేరండీ అత్తా?” అంది.

ఆ ఒక్క మాటే అంది. అరవలేదు, ఏడవలేదు. ఆ తరువాత అత్త దగ్గర ఆ మాటను తిరిగి ఎత్తనూ లేదు. కాని పలికిన మాట పాకలోనే ఉండిపోయింది, కప్పుకు పట్టిన పొగలాగా.

ముత్యాలమ్మ తన ముడిని ఎరుగును. చీకట్లో కూడా అది తప్పదని ఎరుగును. అయినా ఆనాటి నుంచి తన వేళ్ళ మీద ఆమెకు నమ్మకం పోయింది. వయసు మీద పడి వేళ్ళు మరిచిపోయాయేమో, నిద్రమత్తులో వేరే ముడి వేశానేమో అని ఆలోచించి ఆలోచించి, లేని ముడిని కూడా కళ్ళారా చూసినట్లే అనుకుంది. తాడును చూరులో దోపింది. ఆమె బాగుచేస్తున్న వల చిరిగినది చిరిగినట్లే కర్రకు వేలాడింది. దేవి బిడ్డను గట్టు వైపు తన పక్కలో పడుకోబెట్టుకుంది. ముత్యాలమ్మ ఆముదం వెచ్చచేసి బిడ్డ చేతికి పట్టిస్తూ, మనసులో అమ్మవారితో అనేది: “తల్లీ, నీ పేరు పెట్టుకున్న పిల్ల. రెండు చేతులూ కలిపి నీకు దణ్ణం పెట్టాల్సిన పిల్ల. ఒక చేతిని నేను తీసేసేనా?”

అలా కొన్ని రోజులు గడిచాక ఆరోగ్య కేంద్రం నర్సు రాజ్యం, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని పడవలో వచ్చింది. ఆవిడ గొంతు గట్టు ఎక్కకముందే పాకలోకి వచ్చేది.

“ఏమే అమ్ములూ, నన్ను చూసి పారిపోలేదేం? సూదంటే భయం పోయిందా?”

“పారిపోగలనండి. చెయ్యే రాదు” అంది అమ్ములు.

రాజ్యం నవ్వు సగంలో ఆగింది. పెట్టె దించి, బిడ్డ దగ్గర కూర్చుని చేతిని పట్టి చూసింది.

“మా అత్తగారు తాడు బిగించి కట్టేరండి, నరం నలిగింది” అంది దేవి, ఎటో చూస్తూ.

ముత్యాలమ్మ తల వంచుకుంది. “ఆయ్, నా వల్లేనండి.”

“నలిగిందో లేదో చెప్పడానికి నువ్వెవరు, నేనెవర్నమ్మా? పిల్లలకి కాలో చెయ్యో ఉన్నట్టుండి పడిపోతే వెంటనే పైవాళ్ళకి చెప్పాలి. మాకది రూలు. పోలియో కాదని తేలేదాకా వదలకూడదు.”

“చుక్కలన్నీ వేయించేం కదండీ!” అన్నాడు రాజేష్.

“వేసింది నేనే కదయ్యా, నాకు తెలీదా? అయినా తేలాలి. ఏలూరు పెద్దాసుపత్రికి బయల్దేరండి.”

“ఇవాళ తవుడు పడవ వస్తుందండీ…”

“చేపలు ఒక్కపూట ఉపవాసం ఉంటే పుణ్యమే గాని పాపం రాదు. నడవ్వయ్యా!”

మనిషి బయలుదేరితే దారి కూడా కలలా కదులుతుంది. తూడు పూల మధ్య నుంచి పడవ, గట్టు మీద ఆటో, ఆ తరువాత కిటికీ అద్దాలు గలగలలాడే బస్సు. అమ్ములు తల్లి ఒళ్ళో కూర్చుని ఆకాశంలోని ప్రతి కొంగనూ చూసింది. ఏ కొంగ దగ్గర తన చెయ్యి ఉందో గుర్తుపట్టాలని ఆ బిడ్డ ఆశ. ముత్యాలమ్మ వెనక సీటులో కూర్చుని బిడ్డ జడను చూస్తూ వచ్చింది. జడ అల్లింది దేవి. ఇదివరకు అది ముత్యాలమ్మ పని.

ఆసుపత్రిలో పిల్లల వార్డు కిటికీలు పెద్దవి. పొద్దుటి ఎండ వాటిలోంచి దిగి, మంచాల మీదుగా నెమ్మదిగా నడిచి, సాయంత్రానికి ఎదుటి గోడ ఎక్కేది. అమ్ములు పక్క మంచం మీద ఇక్రా అనే పిల్ల ఉంది. అమ్ములు కంటే కాస్త పెద్దది. ఏలూరులోనే తివాచీలు నేసే కుటుంబం వారిది. ఇక్రాకు పడిపోయింది ఎడమ చేయి. తల్లి సకీనా మంచం దగ్గర ఉండేది. తాత అబ్దుల్ మజీద్ అన్నం క్యారేజీ తెచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయటి బల్ల మీద కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు.

డాక్టరు ఈశ్వరప్రసాద్ నడివయసు మనిషి. పిల్లలతో మాట్లాడేటప్పుడు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాడు. ఆయన అమ్ములు వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టాడు.

“ఇది తెలుస్తోందా?”

“చక్కిలిగింతగా ఉందండి.”

“వేళ్ళు ముడువు. శభాష్. ఇప్పుడు చెయ్యి పైకెత్తు.”

వేళ్ళు ముడుచుకున్నాయి. భుజం కదలలేదు. ఆయన చిన్న రబ్బరు సుత్తితో మోచేతి మడత దగ్గర తట్టాడు. చేయి ఉలకలేదు, పలకలేదు.

“ఇది జరగడానికి ముందు పిల్లకి జబ్బేమైనా చేసిందా?” అని పెద్దవాళ్ళను అడిగాడు.

“లేదండి” అంది దేవి.

“జ్వరం?”

“జ్వరం అనేంత కాదండి. ఒక పూట ఒళ్ళు వెచ్చబడింది.”

“అవన్నీ కాదు బాబూ” అని ముత్యాలమ్మ చేతులు జోడించింది. “నేను తాడు కట్టేనండి. రాత్రి కట్టేను, తెల్లారేసరికి ఇలాగైపోయింది. మీరు ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదండి.”

డాక్టరు ఆమె వంక ఒక క్షణం చూశాడు. “అడగడం మా ఉద్యోగమమ్మా. పరీక్షలు పంపిస్తున్నాను. అందాకా తప్పు ఎవరిదో మీరూ తేల్చకండి” అని చెప్పి, నిదానంగా ఇంకో మంచం దగ్గరకు వెళ్ళాడు.

మరునాటి మధ్యాహ్నం ముత్యాలమ్మా సకీనా వార్డు వెనక కుళాయి దగ్గర పిల్లల బట్టలు ఉతుకుతున్నారు. ఎండ వెచ్చగా, మగతగా ఉంది.

“మా మామగారు సరిగా అన్నం తినట్లేదండి” అంది సకీనా. “మగ్గం ముందు పలక మీద ఇక్రాని కూర్చోబెట్టి, పై వరసకి ఉన్ని అందించమనేవారు. దానికి అది సరదా. చెయ్యెత్తి చెయ్యెత్తి నరం తెగిపోయిందని ఆయన బాధ. అందుకే లోపలికి రారు, దాని మొహం చూడలేక.”

ముత్యాలమ్మ నిట్టూర్చింది. “మా ఇంట్లో తాడు, మీ ఇంట్లో ఉన్ని. నేను లోపలున్నాను, ఆయన బయటున్నారు. అంతే తేడా తల్లీ.”

“రొంప తగ్గింది, రేపు బడికి పంపుదాం అనుకున్నానండీ. ఆ రేపు ఇలా తెల్లారింది.”

ముత్యాలమ్మ చేతిలోని గౌను నీళ్ళలోకి జారింది. “ఏమన్నావమ్మా? రొంపా?”

“ఆఁ. ముక్కు కారి, దగ్గి, కాస్త ఒళ్ళు వెచ్చబడి తగ్గిపోయింది. మా వీధిలో పిల్లలందరికీ వచ్చింది.”

“మీకూ కొంగలొస్తాయా?”

సకీనా అర్థంకాక చూసి, నవ్వేసింది. “ఏలూర్లో కొంగలెక్కడివండీ! మాకు వస్తే గిస్తే దోమలొస్తాయి.”

“మా అమ్ములుకీ అంతేనమ్మా. ముక్కు కారింది, ఒళ్ళు వెచ్చబడింది, తగ్గింది. తగ్గేకే ఇలా…”

ఇద్దరూ కుళాయి కట్టలేదు. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ముత్యాలమ్మ తడి చేతులతోనే లేచి డాక్టరు దగ్గరకు నడిచింది. ఎందుకు నడుస్తున్నదో ఆమెకు స్పష్టంగా తెలియదు. తాడు లేని ఇంట్లో కూడా చేయి పడిపోయింది. అంతవరకే తెలుసు.

చెప్పింది విని ఈశ్వరప్రసాద్ కళ్ళజోడు తీశాడు. “నిన్న అడిగితే ఏమీ లేదన్నారేమ్మా?”

“మీరు జబ్బేమైనా చేసిందా అన్నారండి. రొంప జబ్బేంటండీ?”

ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకున్నాడు. “గూడెం నుంచి కూడా ఇలాగే చెయ్యి పడిపోయి ఒక పిల్లాడు వచ్చి వెళ్ళాడు. సైకిల్ మీంచి పడ్డాడని వాళ్ళ నాన్న చెప్పాడు. నేనూ రొంప మాట అడగలేదు. అడగాలి” అని లేచి వార్డులోకి వచ్చి, అమ్ములు మంచం అంచున కూర్చున్నాడు. దేవి లేచి నిలబడింది. సకీనా కూడా దగ్గరకు వచ్చింది.

“మీ అత్తగారు కట్టింది మణికట్టుకి. పడిపోయింది భుజం. వేళ్ళు ఆడుతున్నాయి, ముట్టుకుంటే తెలుస్తోంది. తాడు నొక్కితే ఇలా అవ్వదమ్మా. చేతిని ఆడించే నరాలు వెన్నులోంచి బయల్దేరతాయి. దెబ్బ అక్కడ తగిలింది.”

“ఎవరు కొట్టేరండీ?” అంది అమ్ములు.

“కంటికి కనబడనంత చిన్నదమ్మా, వైరస్ అంటారు. రొంప తెచ్చేవాటిల్లో చాలా రకాలున్నాయి. కొన్ని పోలియోకి చుట్టాలు. ఊరంతటికీ ముక్కు కార్చి వెళ్ళిపోతాయి. ఎక్కడో ఒక బిడ్డకి మాత్రం వెన్నులోకి దిగుతాయి. ఆ బిడ్డకే ఎందుకంటే నాకు తెలీదు. ఇక్కడ అదే జరిగిందని రుజువు కూడా ఇవాళ నేను చూపించలేను. కాని తాడు కాదు, మగ్గం కాదు. అది మాత్రం గట్టిగా చెప్తాను.”

“చెయ్యి వస్తుందాండీ?” అని సకీనా అడిగింది.

“కొంత వస్తుంది. ఎంతన్నది చెప్పలేను. రోజూ ఆడించాలి, పైకి ఎత్తించాలి. వదిలేస్తే రాదు.”

ఆ క్షణాన ముత్యాలమ్మ గుండె మీద నుంచి ఎవరో పడవను నీళ్ళలోకి తోసినట్లయింది. తన వేళ్ళు తప్పు చేయలేదు. ముడి ముడిగానే ఉంది. ఆమె ఆశగా కోడలి ముఖం చూసింది.

దేవి ముఖంలో రక్తం లేదు. “అది ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి వస్తుందాండీ?” అని అడిగింది.

“తుమ్ములో, దగ్గులో, చేతుల్లో. ఊపిరి తగిలినా చాలు” అన్నాడు డాక్టరు, ఇక్రా చేయి చూస్తూ. ఊపిరే ప్రాణమని పెద్దల నోట ఎన్నోసార్లు విన్న ముత్యాలమ్మకు, ప్రాణం వచ్చిపోయే దారినే ఇదీ వస్తుందని ఆనాడే తెలిసింది.

దేవి ఇంకేమీ అడగక బయటకు నడిచింది. ముత్యాలమ్మ వెళ్ళి చూసేసరికి ఆమె వార్డు మెట్ల మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉంది.

“ముందు రొంప వచ్చింది నాకేనత్తా” అంది తల ఎత్తకుండా. “అది అన్నం తినకపోతే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వేడన్నం ఊది ఊది పెట్టేను. ప్రతి ముద్దా ఊదేను.”

ఇన్నాళ్ళూ తన మెడకు వేలాడిన బరువు కోడలి మెడకు మారుతూ ఉండటం ముత్యాలమ్మకు కనిపించింది. ‘ఎంత గట్టిగా ఊదేవే దేవీ?’ అని అడగడానికి ఆ చోటు, ఆ గడియ సరిగ్గా సరిపోతాయి. ఆ మాట ఆమె నాలుక దాకా వచ్చింది కూడా. వచ్చి, ఎండలో మంచు పోయినట్లు పోయింది. ఆమె పక్క మెట్టు మీద కూర్చుంది.

“నువ్వు ఊదకపోతే దాని నోరు కాలేది కాదా?”

దేవి మోకాళ్ళను ఇంకా దగ్గరకు లాక్కుంది.

“ఊరంతా తుమ్మింది. మీ ఆయన తుమ్మేడు. నేను తుమ్మేను. తవుడు పడవ సరంగు తుమ్మితే పడవే ఊగింది. ఎవరి తుమ్ము ఎవరికి తగిలిందో ఆ అమ్మవారికైనా గుర్తుందో లేదో. అది కొంగలు తెచ్చిన రొంపే. నువ్వు తెచ్చింది కాదు.”

“డాక్టరు గారు అలా చెప్పలేదు కదండీ.”

“ఆయనకి కొల్లేరు తెలీదు. నాకు తెలుసు.”

చిన్ననాటి నుంచి పదే పదే పలికిన ఆ మాటను ముత్యాలమ్మ ఆనాడు తొలిసారి నమ్మకుండా పలికింది. ఏలూరులో కొంగలు లేవని ఆమె చెవులారా విన్నది. అయినా మంత్రం పలికినంత శ్రద్ధగా పలికింది. దేవి తల ఎత్తలేదు గాని, ఆమె భుజం మెల్లగా వచ్చి అత్త భుజానికి ఆనింది.

ఆ సాయంత్రం ముత్యాలమ్మ గుమ్మం బయటి బల్ల దగ్గరకు వెళ్ళింది. “సాయిబు గారూ, లోపలికి రండి. మీ ఉన్నికి ఏ పాపమూ లేదంట.”

“మా కోడలు చెప్పింది చెల్లెమ్మా” అన్నాడు అబ్దుల్ మజీద్. “విన్నాను. కాళ్ళు ఇంకా వినలేదు.”

“చెయ్యి పైకి ఎత్తించాలన్నారండి డాక్టరు గారు. చెయ్యెత్తించడం మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?”

ముసలాయన ఆమె వంక చూసి, గడ్డం నిమురుకుని, చిన్నగా నవ్వాడు. మరునాడు సంచి నిండా ఉన్ని ఉండలు తెచ్చాడు. దానిమ్మ గింజ ఎరుపు, నెమలిమెడ నీలం, మాగిన నారింజ రంగు. మంచాల పైన అడ్డంగా దారం కట్టి, వాటిని ఒకదాని కంటె ఒకటి పైకి ఉండేట్లు వేలాడదీశాడు. కిటికీలోంచి గాలి వస్తే ఆ ఉండలన్నీ మెల్లగా తిరిగేవి. వార్డు గోడల మీద రంగు నీడలు ఈదేవి. అమ్ములు వాటిని కొంగ గుడ్లు అంది. ఇక్రా, “గుడ్లు కావు, సబ్బు బుడగలు” అని వాదించింది. ఏవైతేనేం, అందుకోవాలి. ముందు తాతే పిల్లల మోచేతుల కింద తన అరచేయి ఆనించి పైకి లేపేవాడు. తరువాత తరువాత ఆ అరచేయి కొద్దికొద్దిగా కిందికి తప్పుకొనేది.

“నీది మోసం! తాత నీకు ఎక్కువ ఎత్తుతున్నాడు!”

“నీకు బలం లేక ఏడుస్తున్నావ్!”

ఇళ్ళకు వెళ్ళే రోజున ఆయన దానిమ్మ రంగు ఉండను అమ్ములుకు ఇచ్చాడు. “ఇది అందుకున్నాక చెప్పమ్మా, ఇంకోటి పంపిస్తా” అన్నాడు.

కాపలా పాకలో ఆ ఉండ చూరుకు వేలాడింది. శీతకాలమంతా అమ్ములు దాని కిందే పెరిగింది. ముందు వేలికొసలు, తరువాత అరచేయి దానిని తాకాయి. తాకిన ప్రతిసారీ దేవి దారాన్ని కొంచెం పైకి కట్టేది. పోలియో కాదని తేలిందని రాజ్యం ఒకనాడు గట్టు మీద నుంచే కేక వేసి చెప్పింది. ఏలూరులో ఇక్రా చేయి మగ్గం పై వరస దాకా వచ్చేసిందని కబురు వచ్చింది. అమ్ములు చేయి భుజం ఎత్తుకు వచ్చి అక్కడ ఆగింది. ఆ పైకి వెళ్ళలేదు. ఫాల్గుణంలో అమ్మవారి జాతరకు తీసుకువెళితే, అందరూ తల మీద చేతులు జోడించిన చోట ఆ బిడ్డ గుండె దగ్గర జోడించింది. ముత్యాలమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ నమస్కారం అమ్మవారికి ఇంకా దగ్గరి నుంచి అందిందని అనుకుంది.

అన్నీ సర్దుకున్నట్లే ఉంది గాని, బిడ్డ ఇంకా గట్టు వైపే పడుకునేది. చూరులోని తాడును ఎవరూ దించలేదు. దించమని దేవి అనలేదు. అడిగే ధైర్యం ముత్యాలమ్మకు లేదు. వలకు చిరుగు అలాగే ఉంది. డాక్టరు మాట చెవికి తెలుసు. వేళ్ళు మాత్రం ఆ మాట కోడలి నోటి నుంచి వినాలని చూస్తున్నాయి.

వేసవిలో సర్కారు యంత్రాలు వచ్చి చెరువుల గట్లు తెంచాయి. రాజేష్ కొలువు పోయింది. పాక విప్పి, తడికలు పడవకు ఎత్తారు. వానలు కురిశాయి. చెరువులుగా విడిపోయి ఉన్న నీళ్ళు ఒకదానినొకటి గుర్తుపట్టి మళ్ళీ ఒకే కొల్లేరయ్యాయి. రాజేష్ తాత కాలపు బతుకులోకి, దోనె మీది వేటలోకి తిరిగి వెళ్ళాడు. ఇక దోనెలోనే వంట, దోనెలోనే నిద్ర. ముత్యాలమ్మ దోనె ఒక కొసన ముడుచుకుని పడుకునేది. దేవి రెండవ కొసన బిడ్డను చేతులతో చుట్టుకుని, కునుకు లేకుండా తెల్లవార్లూ కూర్చునేది. ఇరువైపులా నీళ్ళే. గట్టు వైపు అనేదే ఇప్పుడు లేదు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. ఒక సంధ్యవేళ, పడమటి ఎరుపు నీళ్ళలో కరుగుతూ ఉండగా, గూడకొంగలు వచ్చాయి. మొదట చప్పుడు లేదు. తల పైన గాలి కొంచెం వంగినట్లయింది, అంతే. తరువాత రెక్కల నీడలు దోనె మీదుగా, వారి ముఖాల మీదుగా పోయాయి.

“వచ్చేసేయి” అంది అమ్ములు, తల వెనక్కి వంచి. అంటూ అంటూనే తుమ్మింది.

రాజేష్ గడ వేయడం ఆపాడు. అత్తాకోడళ్ళ చూపులు కలిశాయి. రెండింటిలోనూ ఒకే భయం. ఆ భయానికి ఈసారి చేతిలో పట్టుకుని చూపించడానికి ఏ వస్తువూ లేదు. గాలి అందరిదీ. ఊపిరి అందరిదీ. దానికి అడ్డం కట్టగల గట్టు ఏదీ లేదు. బిడ్డ ముక్కు నలుపుకుని మళ్ళీ ఆకాశం చూస్తోంది.

దేవి లేచి, తడికల కింద నుంచి తన రేకుపెట్టె లాగి తెరిచింది. చీరల మడతలోంచి మూరెడు వలతాడు తీసింది. పాక విప్పిన రోజున అన్నిటికంటె ముందు చూరులోంచి ఆమె తీసి దాచినది అదే.

“కట్టండి అత్తా” అంది.

ముత్యాలమ్మ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. “నువ్వు కట్టుకోవే. నీ బిడ్డ.”

“నాకు ఆ ముడి రాదండీ. మా ఊళ్ళో దూడల్ని కట్టే ముడి వేస్తాం. అది బిగుస్తుంది.” దేవి తాడును అత్త అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళను తన వేళ్ళతో మూసింది. “నిద్రపోయి ఎన్నాళ్ళైందో. మీరు కడితే నేను పడుకుంటాను.”

ముత్యాలమ్మ తాడు కొసను తన మణికట్టుకు చుట్టుకుంది. వేళ్ళు వాటంతటవే దారి కనుక్కున్నాయి. రెండవ కొసను పట్టుకుని బిడ్డ ఎడమచేతి వైపు చాచింది.

“అది కాదు మామ్మా, ఇది” అంది అమ్ములు.

కుడి చేయి లేచింది. నిదానంగా, నీళ్ళ లోపలి నుంచి వస్తున్నట్లు వచ్చి, భుజం ఎత్తున ఆగి, కొంచెం ఊగుతూ మామ్మ ముందు నిలిచింది. ముత్యాలమ్మ ముడి వేసింది. ముడికీ చర్మానికీ మధ్య తన చిటికెన వేలు దూర్చి చూసుకుంది. వేలు వదులుగా తిరిగింది. దేవి కూడా తన వేలు దూర్చి చూసింది.

అమ్ములు మామ్మ వైపు ఒత్తిగిల్లి కళ్ళు మూసుకుంది. తాడు ఒకసారి చిన్నగా లాగి, సడలింది. దోనె రెండవ కొసన దేవి అప్పటికే నిద్రపోయింది.